పద్దెనిమిది దాటాక ఎవరు మోస్తారు

నమోదు 1 — వెలుగు వైపు

నాకు కిందిమబ్బు తరగతిలో సీటు వచ్చింది!

షరీఫా మేడమ్ బళ్ళో పేర్లు చదువుతున్నప్పుడు నేను తెప్ప అంచున తాడుకి వేలాడుతూ ఆమ్లపు మంచు తుడుస్తున్నాను. ఈ వారం తుడుపు వంతు మా వీధిది. సూట్ లోపల, చెవి పక్కనున్న స్పీకర్‌లో పేర్లు ఒక్కొక్కటే వినిపిస్తున్నాయి. నాకు తెలిసిన పేర్లన్నీ అయిపోయాయి. ఇక లేదులే అనుకుని బ్రష్ మళ్ళీ ఎత్తాను. అప్పుడు "అలివేణి" అన్నారు. బ్రష్ ఎప్పుడు వదిలేశానో నాకే తెలియదు. అది మబ్బుల్లోంచి కిందికి, ఇంతవరకూ ఎవరూ కాలు పెట్టని నేల వైపు పడిపోయింది. బ్రష్ పారేసినందుకు రేపు కూడా నేనే తుడవాలట. తుడుస్తాను! మా తెప్ప తూనీగవాడ మొత్తం తుడవమన్నా తుడుస్తాను!

ఆఖరి సంవత్సరం వాళ్ళందరూ లాగ్, అంటే నమోదు పుస్తకం, రాయాలి. "ఎగరడం గురించే కాదు, నీ గురించి కూడా రాయి. కింది మబ్బులోకి దిగేవాళ్ళ మనసు ఎలా ఉందో నాకు తెలియాలి" అన్నారు మేడమ్. ఈ నమోదులు భూమ్మీది బడిపిల్లలకు కూడా పంపుతారు గనక వాళ్ళకు అర్థమయ్యేలా రాయమన్నారు.

అయితే వినండి, భూమ్మీది పిల్లల్లారా. ఈ శుక్రగ్రహం మీద బయటి గాలి చాలా బరువు. మనం పీల్చే గాలి అందులో నీళ్ళమీద నూనెలా తేలుతుంది. అందుకే మా ఊళ్ళన్నీ పీల్చే గాలి నింపుకున్న తెప్పలు. మబ్బుల్లో తేలుతూ, పెనుగాలితోపాటు గ్రహం చుట్టూ తిరుగుతూ ఉంటాం. కాసేపు వెలుగు వైపు, కాసేపు చీకటి వైపు. నేల ఎక్కడో అడుగున నిప్పుల గుండంలా ఉంది. దాన్ని చూడాలంటే కింది మబ్బు దాటి దిగాలి. అక్కడికి దిగేది మా బడిలో ఆఖరి సంవత్సరం వాళ్ళు మాత్రమే. దిగి, గాలి ఎటు లాగుతోందో చెప్పే పరికరాలు వదిలి, తిరిగి పైకి రావాలి.

అమ్మకి చెబుదామని పరుగెత్తాను. అమ్మ పేరు కాంచన. తెప్ప పైపొరకు చిరుగులు కుట్టే జట్టులో పనిచేస్తుంది. చెప్పగానే నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, నుదుటి మీద ముద్దు పెట్టింది. తర్వాత పెసరపప్పు పాయసం చేసింది. తన గిన్నెలో కూడా నాకే పోసింది.

నమోదు 2 — చీకటి వైపు

నిన్నటి సంతోషానికి ఇవాళ దిష్టి తగిలింది.

అమ్మా నేనూ తూకం ఇంటికి వెళ్ళాం. అక్కడ ప్రతి మనిషి పేరిటా ఒక తిత్తి ఉంటుంది. మన బరువును తేల్చడానికి ఎంత గాలి కావాలో అంత గాలి ఆ తిత్తిలో ఉండాలి. గాలి మెల్లగా కారిపోతూనే ఉంటుంది. ఎవరో ఒకరు నింపుతూనే ఉండాలి. పెద్దవాళ్ళు తమ పనికి వచ్చిన గాలితో తమ తిత్తి నింపుకుంటారు. పిల్లల తిత్తిని అమ్మానాన్నలు నింపుతారు. దాన్నే మోత అంటాం. అమ్మా నాన్నా విడిపోతే ఇద్దరూ చెరి సగం మోయాలి. మా నాన్న గోవర్ధనం నా చిన్నప్పుడే తూనీగవాడ వదిలి కొంగలపేట తెప్పకు వెళ్ళిపోయాడు. నా సగం మోత మాత్రం గాలిపడవలో ఎప్పుడూ వస్తూనే ఉంది.

తూకం ఇంటి ముత్యాలరావుగారు నా తిత్తి మీద చెయ్యేసి అమ్మతో అన్నారు. "వచ్చే తూకానికి అమ్మాయికి పద్దెనిమిది నిండుతాయి కదమ్మా. వాళ్ళ నాన్న మోత ఆగిపోతుంది. అమ్మాయిని కొలిమిలో చేర్పిస్తావా?"

కొలిమి అంటే బయటి గాలిని విరగ్గొట్టి పీల్చే గాలి తీసే తెప్ప. మాకన్నా దిగువన, వేడిలో తేలుతూ ఉంటుంది. తిత్తి వెలితి పడ్డవాళ్ళని ఎవరూ కిందికి తోసెయ్యరు. కొలిమికి పంపుతారు. అక్కడ ఉండి పనిచేసినంతకాలం కొలిమే మోస్తుంది. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ బడికి రావడం నేను చూడలేదు.

మామూలుగా అయితే పద్దెనిమిదికి బడి అయిపోతుంది. మాకే కాలేదు. ఊపిరి జ్వరాలు వచ్చిన ఏడు బడి మూసేశారు. మా జట్టంతా ఒక ఏడు వెనకబడింది. మిగతావాళ్ళకు ఏం ఇబ్బంది లేదు. అమ్మానాన్నలు ఒకే ఇంట్లో ఉన్నారు, మోస్తున్నారు. నాకే మోత తెగేది!

ఇంటికొచ్చాక అమ్మ, "నేను రెండు పాళీలు చేస్తాను. నువ్వు చదువుకో" అంది.

"రెండు పాళీలు బయట వేలాడితే నీ భుజం ఏమవుతుందే అమ్మా? ఇప్పటికే చెయ్యి పైకెత్తలేకపోతున్నావు."

"నా భుజం సంగతి నీకెందుకు?"

"నాన్నని అడుగుదాం."

అమ్మ మొహం గట్టిపడిపోయింది. "ఆయన తెప్ప దిగిన రోజే అనుకున్నాను, ఈ మనిషిని ఇంకేదీ దేహీ అని అడగకూడదని. ఇన్నేళ్ళూ అడగలేదు. ఇప్పుడూ అడగను. నువ్వూ అడగడానికి వీల్లేదు."

నేను నిజంగానే కాలు నేలకేసి కొట్టాను, ఐదేళ్ళ పిల్లలా. తర్వాత సిగ్గేసింది.

నమోదు 3 — వెలుగు వైపు

మేడమ్, ఇది మీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఇది రాయకపోతే ఇవాళ ఒళ్ళంతా ఎందుకిలా గంతులేస్తోందో ఎవరికీ అర్థం కాదు.

నేను తరగతి వెనక కూర్చుని ఏడుస్తుంటే మీరు వచ్చి, "ఏడ్చే గాలి కూడా తిత్తిలోదే, దండగ చెయ్యకు" అన్నారు. నవ్వొచ్చింది. అప్పుడు చెప్పారు, తెప్పల మధ్య పాత ఒప్పందంలో ఒక మాట ఉందని. బిడ్డ ఇంకా బడిలో ఉంటే పద్దెనిమిది దాటినా మోత సాగవచ్చు. కానీ పద్దెనిమిది నిండకముందే, మోసే మనిషి ఉన్న తెప్ప మీద, పంచాయితీ ముందు నోరు విప్పి అడగాలి.

"మరి ఇంతవరకు ఎవరూ అడగలేదా?" అన్నాను.

"చాలామందికి అడగొచ్చని తెలియదు. తెలిసినవాళ్ళకు అభిమానం అడ్డొస్తుంది" అన్నారు.

నా పుట్టినరోజుకి ముందే కొంగలపేట మా పక్కనుంచి వెళ్తుంది! గాలివాటున రెండు తెప్పలూ దగ్గరకొస్తాయి. గాలిపడవ అమ్మకి తెలియకుండా ఎక్కడం కుదరదు. కానీ ఒంటరిగా ఒక తెప్ప నుంచి ఇంకో తెప్పకు డేగ నడపడం మా పాఠాల్లో ఎలాగూ ఉంది. డేగ అంటే ఒక్క మనిషి పట్టే రెక్కల బండి. "ఆ పాఠం ముందుకు జరుపుతాను. ఎందుకు జరిపానో మాత్రం మీ అమ్మకి నువ్వే చెప్పాలి" అన్నారు మీరు.

చెప్పాను. అమ్మ వింటూనే సూదిలో దారం ఎక్కించింది. కుడుతున్న పొర మీద నుంచి తల ఎత్తలేదు. నేను బయల్దేరేటప్పుడు మాత్రం వచ్చి నా సూట్ మెడ దగ్గర అతుకు చూసి, వేలితో రెండుసార్లు నొక్కి వెళ్ళిపోయింది.

నమోదు 4 — వెలుగు వైపు, కొంగలపేట

దాటాను! ఒక్కదాన్నే దాటాను!

డేగ తెప్ప అంచు వదిలింది. కింద పసుపు మబ్బు, పైన తెల్ల మబ్బు, మధ్యలో నేను. రెండు తెప్పల నడుమ గాలి సుడి తిరుగుతూ ఉంటుందని మేడమ్ ముందే చెప్పారు. కానీ చెప్పడం వేరు, అది రెక్క పట్టుకుని విసిరెయ్యడం వేరు. డేగ పక్కకి ఒరిగి జారిపోయింది. చేతులు వాటంతటవే ముక్కును కిందికి దించాయి. భయపడి పైకి లాగితే పడిపోతాం, కిందికి దించితే వేగం వస్తుంది, వేగం వస్తే రెక్క మాట వింటుంది. వింది! నేను అరుస్తున్నానని కొంచెంసేపటి తర్వాత నాకు తెలిసింది. పాటలా అరుస్తున్నాను.

దగ్గరికి వెళ్ళేసరికి ఒక సంగతి గమనించాను. కొంగలపేట ఉండాల్సిన ఎత్తులో లేదు. బాగా కిందికి వాలి ఉంది. వచ్చే డేగల్ని పట్టే వలలో వాలడానికి నేను అనుకున్నదానికన్నా ఎక్కువ దిగాల్సొచ్చింది.

నేనొస్తున్నట్టు మేడమ్ రేడియోలో ముందే చెప్పారట, వల దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. రేడియోలో గొంతు తెలుసు గానీ, మనిషిని చూసి చాలా ఏళ్ళయింది. నేను అనుకున్నంత పొడుగు లేడు. హెల్మెట్ తీయగానే, "ఇంత పెద్దదానివయ్యావా తల్లీ! డేగ నువ్వే నడిపావా? ఆ సుడిలోంచా?" అన్నాడు. తర్వాత ఏం మాట్లాడాలో తెలియక డేగ రెక్క నిమిరాడు, ఆవుదూడను నిమిరినట్టు.

ఇంట్లో నాన్న భార్య ఇందుమతి గారు, వాళ్ళ ఐదేళ్ళ పాప శాంభవి ఉన్నారు. శాంభవి నన్ను చూసి తలుపు వెనక దాక్కుంది. కాసేపటికి వచ్చి నా ఒళ్ళో కూర్చుని ఇక లేవలేదు.

"కూసో బిడ్డ. సర్వపిండి చేసిన. వేడిగున్నప్పుడే తిను" అంది ఇందుమతి గారు. ఇల్లంతా ఉడికిపోతోంది. గోడల మీద చెమ్మ కారుతోంది. నేను మొహం తుడుచుకోవడం చూసి ఆవిడే చెప్పింది. "తెప్ప పైపొర పాతబడ్డది. ఏడ కుట్టినా ఇంకో దిక్కు కారుతున్నది. కిందికి జారితే వేడి పెరుగుతది. అందరం ఎక్కువ నింపుతున్నం. మీ నాయిన కొలిమిల అదనంగ పాళీ చేస్తున్నడు. ఎందుకొచ్చినవో నాకు ఎరుకే. నీ మీద నాకు కోపం లేదు. కానీ నాకు గూడ ఒక పిల్ల ఉన్నది."

కోపంగా అని ఉంటే నేనూ కోపంగా ఏదో అనేదాన్ని. ఆవిడ నా పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ ఆ మాట అంది.

శాంభవి తన పళ్ళెం పక్కకు జరిపింది. "నాకొద్దు."

"ఏమైందే? పొద్దున గూడ తినలే" అంది వాళ్ళమ్మ.

ఇందుమతి గారు నీళ్ళ కోసం లోపలికి వెళ్ళినప్పుడు పాప నా చెవిలో చెప్పింది. "అక్కా, నేను తక్కువ తింటే తక్కువ బరువుంట. అప్పుడు బాపు నిన్ను గూడ మోస్తడు."

 పెద్దవాళ్ళు గుసగుసలాడినవి పిల్ల వినేసింది. నేను దాని పళ్ళెంలోంచి తుంచి, కథ చెబుతూ, మొత్తం తినిపించాను. తినిపిస్తూనే నిర్ణయించుకున్నాను. రేపు పంచాయితీలో నాకేమీ వద్దని చెప్పి వెళ్ళిపోతాను.

నమోదు 5 — చీకటి అంచున, కొంగలపేట

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.  సంతోషంతోనే!

పంచాయితీ కొంగలపేట పంటగదిలో జరిగింది. జొన్న మొక్కల మధ్య బల్లలు వేశారు. పంచాయితీ పెద్ద సాయవ్వ గారు. ముసలావిడ, గొంతు మాత్రం గంటలా ఉంది. ఒక పక్క నాన్న, ఇందుమతి గారు, ఒళ్ళో శాంభవి. ఇంకో పక్క నేను ఒక్కదాన్నే.

సాయవ్వ ముందు నాన్నని అడిగింది. "గోవర్ధన్, పిల్లకు పద్దెనిమిది నిండుతున్నయి. బడి ఇంకో ఏడున్నది. మోస్తవా?"

"మోస్తాను" అన్నాడు నాన్న వెంటనే.

"నోటితోని మోసుడు సులువే. ఎట్ల మోస్తవ్?"

నాన్న తల దించుకున్నాడు. "ఇంకో పాళీ చేస్తాను."

"రోజుకు పాళీలున్నయే మూడు. నిద్ర ఎప్పుడు పోతవ్?"

నేను లేచాను. నాకేమీ వద్దు అనడానికి నోరు తెరిచాను. ఆ మాట వినిపించింది, కానీ నా గొంతులోంచి కాదు.

"మాకేమీ వద్దండీ."

అమ్మ! గుమ్మంలో అమ్మ! సూట్ కూడా విప్పలేదు. హెల్మెట్ చంకలో ఉంది. గాలిపడవలో వచ్చిందట. ఇన్నేళ్ళలో కొంగలపేట మీద అమ్మ కాలు పెట్టడం ఇదే మొదటిసారి. నాన్న లేచి నిలబడ్డాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు.

"నా కూతుర్ని నేను మోసుకుంటాను. తెలిసీ తెలియక వచ్చింది. దాని తరపున ఈ అడగడాన్ని నేను వదులుకుంటున్నాను" అంది సాయవ్వతో.

సాయవ్వ అమ్మని పైనుంచి కింది దాకా చూసింది. "కూసో బిడ్డ. దూరంకెళ్ళి వచ్చినవ్. ఒక మాట చెప్పు. ఆ మోత ఎవరిది?"

"నా కూతురిది."

"నీది కాదు గద?"

"...కాదు."

"మరి నీది కాని దాన్ని నువ్వెట్ల వదులుకుంటవ్?"

 అమ్మ హెల్మెట్ బల్ల మీద పెట్టింది. కూర్చుంది. అమ్మ ఒక మాటకు తిరిగి జవాబు చెప్పకపోవడం నేను పుట్టాక చూడలేదు.

సాయవ్వ నా వైపు తిరిగింది. "నీదైతే నువ్వు వదులుకోవచ్చు. నీ మొహం చూస్తే గదే చెప్పేటట్టున్నవ్. ఎందుకో చెప్పు."

నేను నిన్న పళ్ళెం సంగతి చెప్పాను. శాంభవి నా చెవిలో ఏమందో ఉన్నదున్నట్టు చెప్పాను. "నేను ఎగరాలనుకుంటున్నాను. చాలా అనుకుంటున్నాను. నిన్న సుడిలోంచి వచ్చినప్పుడు ఇంతకన్నా నాకేం అక్కర్లేదనిపించింది. కానీ చెల్లి పస్తుండి నన్ను ఎగరనివ్వాల్సిన పని లేదు."

ఇందుమతి గారు శాంభవిని తనవైపు తిప్పుకుంది. "నిజమా? అందుకేనా తినంది?"

పాప తలూపింది. ఇందుమతి గారు పాపని గుండెకి అదుముకుంది. తర్వాత పాపని నాన్న చేతికిచ్చి లేచింది. మా మీద విరుచుకుపడుతుందనుకున్నాను.

"సాయవ్వా, నేను పద్దెనిమిదేండ్లకు కొలిమికి పోయిన. మీకు ఎరుకే. మా నాయిన వేరే తెప్ప మీద ఉంటుండె. జరంతోని బడిల ఒక ఏడు ఎనకబడ్డ. నాకు లెక్కలంటే పానం. మా పంతులు ఇంటికొచ్చి, పిల్లను ఇంకో ఏడు చదివించుండ్రి అని బతిమాలిండు. మా అమ్మ మా నాయినను అడగలే. అడుగుడంటే బిచ్చమెత్తుడనుకున్నది." అమ్మ వైపు చూసింది. "ఈమె లెక్కనే. అడగొచ్చని నాకైతే తెలవనే తెలవదు. కొలిమి వేడికి నా లెక్కలన్నీ ఆవిరైనయి. రేపు నేను, ఈయన చెరో దారి పట్టినమనుకో. నా బిడ్డ గూడ ఏ జరమొచ్చో ఎనకబడి, పద్దెనిమిదేండ్లకు బడిలనే ఉండొచ్చు. అప్పుడు నేను ఎవరి గుమ్మం ముందు నిలబడాలె?"

"నువ్వు ఒప్పుకుంటున్నవా, లేదా? గది చెప్పు" అంది సాయవ్వ.

"ఒక షరతు. ఈ పోరి ఒక్కదానికే అయితే ఒప్పుకోను. ఇయ్యాల్టిసంది రెండు తెప్పల మీద ఏ పిల్లకైనా ఇదే మాట ఉండాలె. బడిల ఉన్నన్ని రోజులు మోత ఆగొద్దు. పద్దెనిమిది అయినా, పంతొమ్మిది అయినా. ఎవ్వరూ ఎవ్వరినీ అడిగే అక్కెర ఉండొద్దు. ఆగాల్నంటే ఆపేటోడు వచ్చి ఎందుకో చెప్పాలె. మోసేటోనికి నిజంగ కష్టమైతే ఆ మాట గూడ ఇక్కడనే విందం. గంతే గానీ, పిల్ల వచ్చి చెయ్యి చాపుడు ఉండొద్దు."

అమ్మ అప్పుడు మొదటిసారి తలెత్తి ఇందుమతి గారిని చూసింది. ఎంతసేపు చూసిందో!

సాయవ్వ పంచాయితీ వాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ అడిగింది. ఇద్దరు గొణిగారు. తెప్ప జారుతుంటే కొత్త బరువులెందుకన్నారు. "బడి పిల్లలను బరువంటే ఇగ మనం తేలి ఏం లాభం?" అంది సాయవ్వ. వాళ్ళూ చేతులెత్తారు. తూనీగవాడ పంచాయితీ కూడా ఒప్పుకోవాలి. రేడియోలో అక్కడివాళ్ళతో అప్పుడే మాట్లాడారు. మాట్లాడినంతసేపూ నేను జొన్న ఆకు ఒకటి తెలియకుండా ముక్కలు ముక్కలు చేశాను. ఒప్పుకున్నారు!

నా మోత నాన్న సగం, అమ్మ సగం, ఇప్పటిదాకా ఉన్నట్టే. బడి సెలవుల్లో నేను కొలిమిలో పనిచేసి నాన్న సగంలో కొంత తగ్గిస్తాను. ఆ మాట నేనే అన్నాను. శాంభవి తిత్తిలోంచి ఒక్క ఊపిరి కూడా తియ్యకూడదని సాయవ్వ గట్టిగా చెప్పింది.

అమ్మ లేచి, ఎవరితో అంటున్నదీ తెలియకుండా, "తెప్పలు దగ్గరగా ఉన్నన్నాళ్ళు మా కుట్టు జట్టుని తీసుకొస్తాను. మీ పైపొర తడిమి చూశాను వస్తూ వస్తూ. చాలా చోట్ల కుట్టాలి. మనుషులు కావాలి" అంది.

"నేనొస్త. సూది పట్టుడు నాకొచ్చు" అంది ఇందుమతి గారు.

నమోదు 6 — వెలుగు వైపు

ఈ వారమంతా అమ్మా, ఇందుమతి గారూ కొంగలపేట పైపొర మీద పక్కపక్కన తాళ్ళకు వేలాడారు. మొదటి రోజు సూదీ, దారం, జరుగు తప్ప ఇంకో మాట లేదట. రెండో రోజు నేను తాడు అందించడానికి వెళ్తే ఇద్దరూ నన్ను చూసి టక్కున మాట ఆపేశారు. అంటే మాట్లాడుకుంటున్నారన్నమాట! దేని గురించని ఎంత అడిగినా చెప్పలేదు. అమ్మ భుజానికి నొప్పి వస్తే ఇందుమతి గారే బరువైన పొర చుట్టలు మోసింది. కొంగలపేట కొంచెం పైకి లేచింది. పూర్తిగా కాదు. ఇంకా చాలా కుట్టాలి. కానీ వాళ్ళ గోడల మీద చెమ్మ తగ్గిందని శాంభవి రేడియోలో నాతో చెప్పింది. పొద్దున ఏం తిన్నదో కూడా చెప్పింది. మూడు రొట్టెలట. నమ్మాను!

నాకు పద్దెనిమిది నిండాయి. ఆ రోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఎంత బాగుంటుందో నాకిప్పుడే తెలిసింది. లేచాను, బడికి వెళ్ళాను, గాలి ఒత్తిడి లెక్కల్లో రెండు తప్పులు చేశాను, తిట్లు తిన్నాను.

నమోదు 7 — చీకటి వైపు

దిగాను.

మేడమ్, మీరు పైనుంచి అంతా వింటూనే ఉన్నారు. అయినా రాస్తాను. జీవితాంతం రాస్తూనే ఉంటాను.

కింది మబ్బులోకి వెళ్ళేసరికి డేగ చుట్టూ అంతా ముదురు గోధుమరంగు. వేడి సూట్‌లోంచి కూడా తెలుస్తోంది. రెక్కలు మూలిగాయి. నా ముందు దిగిన మా తరగతి జయసింహ డేగ దీపం కనబడి, కనబడి, మాయమైపోయింది. ముక్కు దించు, వేగం కాపాడు, ముక్కు దించు అని నాకు నేనే చెప్పుకుంటూ దిగాను. ఉన్నట్టుండి మబ్బు అయిపోయింది. అంతే, అయిపోయింది! కింద ఏమీ లేని చీకటి. పరికరాల తెర వెలిగించాను. మన కంటికి కనబడని వేడి వెలుగుని ఆ తెర చూపిస్తుంది.

నేల!

ఎర్రగా, మసగ్గా, నిప్పుల మీద బూడిద కప్పినట్టు. కొండలున్నాయి. నిజం కొండలు. ఎత్తైనచోట నల్లగా, లోయల్లో కాంతిగా. ఒక పెద్ద పగులు, నది పారినట్టు మెలికలు తిరుగుతూ. నేను పుట్టి పెరిగిన లోకానికి అడుగు ఉందని నాకు తెలుసు. తెలియడం వేరు, చూడడం వేరు. మా ఇంట్లో దాన్ని చూసిన మొదటిదాన్ని నేనే. పరికరాన్ని వదిలాను. అది గింగిరాలు తిరుగుతూ ఆ ఎరుపులోకి వెళ్ళిపోయింది.

అప్పుడు రేడియో గరగరలాడింది. ఈ మొదటి దిగుడుని ఇంట్లోవాళ్ళు కూడా వినవచ్చని బడి అనుమతి ఇచ్చింది. తూనీగవాడ నుంచి అమ్మ వింటోంది. కొంగలపేట నుంచి నాన్న వింటున్నాడు. నేను చాలాసేపటినుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదట. నాకు తెలియలేదు.

"వేణీ, ఊపిరి ఆడుతోందా?"

రెండు గొంతులు. ఒకే మాట, ఒకేసారి, అక్షరం తేడా లేకుండా.  ఒకరి గొంతు ఒకరికి వినబడి ఇద్దరూ ఆగిపోయారు.

తర్వాత నాన్న నెమ్మదిగా, "నువ్వు అడుగు కాంచనా" అన్నాడు.

"మీరే అడిగారుగా, చెప్పనివ్వండి దాన్ని" అంది అమ్మ.

నాకు నవ్వొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హెల్మెట్ లోపల తుడుచుకునే వీలు లేదు.

"ఆడుతోంది" అన్నాను. "ఇద్దరూ వినండి. ఇక్కడ కొండలున్నాయి."